ఆ ఇంట్లో నీకో పని ఉండాలి

హైదరాబాద్,
సెప్టెంబరు 16.

చిట్టీ,

తాతయ్య ఉంటే "చిరంజీవికి ఆశీస్సులు, ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, అసలు సంగతి మూడో పేజీలో చెప్పేవారు. నాకంత ఓపిక లేదు. నీ వాయిస్ మెసేజ్‌లు పిన్ని నాకు పంపింది. అడక్కుండా పంపిందని మీ అమ్మ మీద కోప్పడకు, అవి విన్నప్పటినుంచీ ఆవిడకి నిద్ర లేదు. "నాన్నా, టికెట్ చూడు, వచ్చేస్తాను" అన్నది కూడా విన్నాను. బాబాయి నిజంగానే టికెట్ ధరలు చూస్తూ కూర్చున్నారు. నేనే ఆపాను. ఆపినందుకు ఈ ఉత్తరం రాసే పూచీ నా మీద పడింది.

ఫోన్ చేసి చెప్పచ్చు. కానీ నీతో ఫోన్లో మాట్లాడేవాళ్లు ఇప్పటికే ఎక్కువయ్యారు. ఆ సంగతికి తర్వాత వస్తాను. పైగా కాగితమైతే మధ్యలో నువ్వు ఏడవడానికీ, నేను కరిగిపోవడానికీ వీలుండదు. ఇది జపాన్‌లో నగానో చేరేసరికి నువ్విప్పుడు ఏడుస్తున్న విషయం పాతబడి, ఇంకోదానికి ఏడుస్తూ ఉంటావు. ఫర్వాలేదు, దానిక్కూడా పనికొచ్చేలా రాస్తాను.

నీ మెసేజ్‌లన్నిటిలో నన్ను గుచ్చిన మాట ఒకటుంది. "మొదటి నెల భలే ఉంటుందని అందరూ చెప్పారు, నాకొక్కదానికే ఇలా ఉంది, నాలోనే ఏదో తేడా ఉంది" అన్నావు. బయల్దేరేముందు ఓరియెంటేషన్‌లో బోర్డు మీద ఒక గీత గీసి చూపించి ఉంటారు: మొదట సంబరం, తర్వాత దిగులు, ఆ తర్వాత మళ్లీ కుదుటపడటం. నేను వెళ్లినప్పుడు మాకూ గీశారు. ఆ గీత 1955లో స్వెర్రే లిస్‌గార్డ్ అనే నార్వే ఆయన రాసిన వ్యాసం నుంచి వచ్చింది. ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లొచ్చిన నార్వేవాళ్లని అడిగి రాశాడాయన. వాళ్లు చదువుకున్న పెద్దవాళ్లు. పదహారేళ్ల రాజమండ్రి పిల్ల, భాష రాకుండా, ముక్కూమొహం తెలియనివాళ్ల ఇంట్లో దిగితే ఏమవుతుందో ఆ గీతకేం తెలుసు?

దీన్ని తర్వాత పరీక్షించి చూసినవాళ్లున్నారు. కొలీన్ వార్డ్ అనే ఆవిడ, ఆవిడ తోటివాళ్లు న్యూజిలాండ్‌కి చదువుకోడానికి వచ్చిన విద్యార్థుల్ని దిగిన తొలిగంటల నుంచి ఏడాది పొడుగునా మధ్యమధ్యలో పలకరిస్తూ వచ్చారు. 1998లో అచ్చయింది. అన్నిటికన్నా ముందు కనబడాల్సిన ఆ సంబరం వాళ్లకి కనబడనే లేదు. దిగులు ఎక్కువగా ఉన్నది దిగిన కొత్తలోనే. ఆ విద్యార్థులు ఎవరనుకున్నావు? జపాన్ పిల్లలే. నువ్వు భయపడుతున్న ఆ నెమ్మదస్తులు, ఆ పద్ధతైనవాళ్లు ఊరు దాటితే నీలాగే అయ్యారు. నీలో తేడా ఏమీ లేదు. బోర్డు మీద గీతే సరిగ్గా లేదు.

ఇంకో ఆయన, కలేర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త, 1950ల్లోనే కొత్త దేశంలో మనిషికి పట్టే ఈ జబ్బు లక్షణాలు చెప్పాడు. చేతులు ఊరికే కడుక్కుంటూ ఉండటం, తాగే నీళ్లమీదా తిండిమీదా అనుమానం, ఎటో చూస్తూ కూర్చోవడం, చిన్న ఆలస్యానికే ఒళ్లు మండటం, సొంత ఊరివాళ్లతో మాట్లాడితే చాలుననిపించడం. చదువుతుంటే నీ మెసేజ్‌లు విన్నట్టే ఉంది. కుళాయి నీళ్లు తాగట్లేదట కదా, సీసాలు కొంటున్నావట. ఆ కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగచ్చు తల్లీ. ఇంటిల్లిపాదీ అవే తాగుతారు. డబ్బు తగలెయ్యకు.

ఇక అసలు మాట. "ఒకాసాన్ చాలా మంచిది, నన్ను ఏ పనీ చెయ్యనివ్వదు, అయినా ఏదోలా ఉంది" అని ఆ ఇంటి అమ్మ గురించి అన్నావు. ఆ "అయినా" తీసేసి "అందుకే" పెట్టుకో. ఏ పనీ లేకుండా ఇంకొకరి ఇంట్లో కూర్చోవడమంత కష్టం ఇంకోటి లేదు. మనింటికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లే మూడోరోజుకి వంటింట్లోకొచ్చి "ఆ చిక్కుడుకాయలు ఇలా ఇవ్వండి, ఈనెలు తీస్తాను" అంటారు. ఎందుకంటావు? సాయం చేద్దామని కొంత. ఆ గడపలో తమకో చోటు దొరుకుతుందని చాలా. నువ్వు మూడు వారాలుగా ఆ చిక్కుడుకాయలు అడగలేదు.

అటువైపు నుంచి కూడా చూడు. నువ్వు వెళ్లిన ఏ.ఎఫ్.ఎస్. విద్యార్థి మార్పిడి పద్ధతిలో పిల్లల్ని ఇంట్లో పెట్టుకునేవాళ్లు అద్దెకి పెట్టుకోరు, డబ్బు తీసుకోరు. ఇంట్లో ఇంకో పిల్ల తిరగాలని పెట్టుకుంటారు. మొదటి వారం నిన్ను అతిథిలా చూశారు, అది వాళ్ల మర్యాద. ఇప్పుడు నువ్వెప్పుడు కదులుతావా అని చూస్తుంటారు. నోరు తెరిచి "ఇది చెయ్యి" అనరు, జపాన్‌లో అది మామూలుగా జరగని పని. నువ్వేమో వాళ్లు చెబితే చేద్దామని కూర్చున్నావు. ఇలాగే వదిలేస్తే డిసెంబరు దాకా ఇద్దరూ ఒకరికొకరు వంగి దణ్ణాలు పెట్టుకుంటూ గడిపేస్తారు.

కాబట్టి ఏ పని? స్నానాల తొట్టి కడిగే పని అడుగు. నవ్వకు. చాలా ఇళ్లలో అది పిల్లల పని. నీకు ఆ ఓఫురో అంటేనే చిరాకని విన్నాను, "అందరూ ఒకే నీళ్లలోనా, ఛీ" అన్నావట. విను. ఆ తొట్టి ఒళ్లు కడుక్కోడానికి కాదు. ముందు బయట చిన్న స్టూలు మీద కూర్చుని, సబ్బూ షాంపూ అన్నీ పెట్టి, నురగ ఒక్క చుక్క మిగలకుండా కడుక్కుని, అప్పుడు ఆ 40 డిగ్రీల పైచిలుకు వేడినీళ్లలో మెడదాకా కూర్చోవాలి. ఒళ్లు సడలడానికి. మురికి బయటే పోయింది, కాబట్టి నీళ్లు అందరికీ పనికొస్తాయి. లేచేటప్పుడు బిరడా లాగకు, మూత కప్పి రా, నీ తర్వాత ఆ ఇంటి నాన్న, ఒతోసాన్ ఉంటాడు. తలకి నూనె పెట్టుకున్న రోజు జుట్టు ముడేసి టవల్ చుట్టుకో, నూనె తెట్టు నీళ్లమీద తేలితే వాళ్లేమీ అనరు కానీ నీకే సిగ్గేస్తుంది. నెలసరి రోజుల్లో షవర్ చాలని ఒకాసాన్‌కి ఒక్క ముక్క చెప్పు. పొద్దున్న స్నానం లేకపోతే అమ్మమ్మకి మడి పోయినట్టుండచ్చు, నీకు పోదు. రాత్రి స్నానం చేసి శుభ్రమైన పక్కలో పడుకోవడంలో ఉన్న సుఖం అలవాటైతే వదలవు.

ఆ తొట్టిని సాయంత్రం పూట స్పాంజితో రుద్ది, కడిగి, నీళ్లు పట్టే మీట నొక్కడం నీ పని చేసుకో. పావుగంట కూడా పట్టదు. కానీ రోజూ ఆ వేళకి ఆ ఇల్లు నీకోసం చూస్తుంది. ఎప్పుడైనా స్కూల్లో ఆలస్యమైతే "అయ్యో, ఇవాళ తొట్టి?" అనుకుంటారు. నీ మీద ఆధారపడ్డ విషయం ఒకటి ఆ ఇంట్లో ఉండాలి, అది ఎంత చిన్నదైనా సరే. అడగడం ఎలాగంటావా? చొక్కా చేతులు పైకి మడిచి స్పాంజి పట్టుకుని ఎదురుగా నిలబడు. వాక్యం తప్పయినా అర్థమైపోతుంది. ఒకటికి రెండుసార్లు వద్దంటుంది. మూడోసారి చూపిస్తుంది.

ఇంకోటి చెత్త. గోడమీద రంగురంగుల క్యాలెండర్ ఉంటుంది చూడు, కాల్చేవి ఒకరోజు, ప్లాస్టిక్ ఒకరోజు, సీసాలూ డబ్బాలూ ఇంకోరోజు. తప్పు రోజున పెడితే సంచీ అక్కడే ఉండిపోతుంది, వీధంతా చూస్తుంది. ఆ క్యాలెండర్ చదవడం వస్తే నీకు వారాల పేర్లు, అంకెలు, ఒక ఇరవై కాంజీ అక్షరాలు ఊరికే వచ్చేసినట్టు. స్కూలు పుస్తకంకన్నా అదే మంచి పుస్తకం.

మీ ఒజీసాన్‌కి అదే ఆ ఇంటి తాతగారికి, ఆపిల్ తోట ఉందని పిన్ని చెప్పింది, నాకు అసూయ పుట్టింది. జపాన్‌లో అవొమొరి తర్వాత ఆపిళ్లకి నగానోనే. ఇప్పుడు అక్కడ చెట్ల దగ్గర ఆకులు దూసే పని నడుస్తుంటుంది. కాయ మీద నీడ వేసే ఆకుల్ని తుంచి, కాయని కాస్త తిప్పితే రెండోవైపుకీ ఎండ తగిలి ఎరుపెక్కుతుంది. ఒక్కో కాయకీ ఇంత సేవ! అక్టోబరులో షినానో స్వీట్ కోతకొస్తుంది, నవంబరులో ఫుజి. ఆదివారం ఫోన్ పట్టుకుని పక్కమీద పొర్లే బదులు ఆ పెద్దాయన వెనకాల వెళ్లు. తోటలో ముసలాయనతో పనిచేస్తే భాష తొందరగా వస్తుంది. ఆయన ఇంగ్లీషు మాట్లాడడు, తొందరపడడు, చెప్పిందే పదిసార్లు చెబుతాడు, చేతిలో ఉన్నదాన్ని చూపించి చెబుతాడు. అంతకన్నా మంచి మేష్టారు నీకు దొరకడు.

భాష దగ్గరికొచ్చాం కాబట్టి ఒక రహస్యం. నువ్వు ముందు ఇంగ్లీషులో అనుకుని, దాన్ని తిరగేసి జపనీస్ చేస్తున్నావు. ఇంగ్లీషు మీడియం పిల్లలందరూ చేసేదే. మానెయ్. మన భాషలోంచి నేరుగా వెళ్లు. "రేపు స్కూలుకి వెళ్తాను", "అషితా గక్కో ని ఇకిమాసు". వరస చూశావా? "నేను" అక్కర్లేదు, "కి" మాట వెనకాలే ఉంది, క్రియ చివరకొచ్చింది. "వస్తానని చెప్పింది" అనడానికి మన "అని" ఉన్న చోటే వాళ్ల "తొ" ఉంటుంది. ప్రశ్న అడగాలంటే మనం చివర దీర్ఘం తీస్తాం, వాళ్లు "క" తగిలిస్తారు. పెద్దవాళ్లతో ఒకలా, తోటివాళ్లతో ఒకలా మాట్లాడటం నీకు పుట్టుకతో వచ్చిందే, అమెరికా నుంచొచ్చిన పిల్లకి అది కొత్త చదువు. ఇక లిపంటావా, హిరగానా 46, కతకానా 46. గుణింతాలూ ఒత్తులూ దాటొచ్చినదానివి, వారంలో అయిపోతుంది. కాంజీ చూసి గుండె జారవిడుచుకోకు. వాళ్ల పిల్లలే ప్రాథమిక బడిలో ఆరేళ్లు కూర్చుని 1,026 నేర్చుకుంటారు, వాడుక పట్టికలో ఉన్నవి మొత్తం 2,136. నీకు ఈ ఏడాదికి మూడొందలొస్తే రాణివి.

కానీ ఒక అలవాటు మాత్రం ఇవాళే మార్చుకో. నీకు అర్థమైనా కాకపోయినా "హై, హై" అని తలూపుతున్నావు. దాంతోనే కదా మొన్న శనివారం ఒకాసాన్ నీకోసం స్టేషన్ దగ్గర గంటసేపు నిలబడింది, నువ్వేమో ఇంట్లో ఉన్నావు. వాళ్లు మాట్లాడుతుంటే వినేవాళ్లు మధ్యమధ్యలో "హై", "ఉన్" అంటూనే ఉంటారు, అమ్మమ్మ కథ చెబుతుంటే మనం ఊఁ కొట్టినట్టు. ఊఁ కొట్టకపోతే కథ ఆగిపోతుంది, అక్కడ సంభాషణా అంతే. అందుకని ఊఁ కొట్టు, మంచిదే. కానీ చివర్లో విన్నదాన్ని వచ్చీరాని మాటల్లో తిరిగి చెప్పు: "శనివారం. మూడు గంటలు. స్టేషన్. నేను, ఒకాసాన్." రోజు, వేళ, చోటు, ఎవరు. నాలుగూ సరిపోయాయంటే విన్నట్టు. లేకపోతే "వకరిమసెన్" అను. తెలియదనడానికి సిగ్గుపడే అలవాటు మన స్కూళ్లలో అంటుకుంటుంది, ఆ జబ్బు ఇక్కడే వదిలెయ్యి. గంటసేపు నిలబెట్టడంకన్నా అది ఎంతో మర్యాద.

స్కూల్లో ఎవరూ పలకరించట్లేదని మరో దిగులు. నువ్వు చేరింది ఆగస్టు చివర, వాళ్ల చదువు ఏడాది మొదలయ్యేది ఏప్రిల్లో. స్నేహాలు అప్పుడే జతలుగా, గుంపులుగా కుదిరిపోయాయి. పైగా నువ్వు ఇంగ్లీషులో మాట్లాడతావేమోనని వాళ్లకి వణుకు. నీ వైపు చూసి తల దించేసుకునే పిల్ల నిన్ను చూసి మొహం చిట్లించట్లేదు, తన ఇంగ్లీషు తలుచుకుని భయపడుతోంది. రోజూ పాఠాలయ్యాక అందరూ చీపుర్లు పట్టుకుని క్లాసు ఊడుస్తారు కదా, మన ఊళ్లో అయితే తల్లిదండ్రులు కలెక్టరు దాకా వెళ్లేవారు, ఆ వేళని వాడుకో. చేతిలో పని ఉన్నప్పుడు మనిషికి మాట సులువు. గుడ్డ తడిపి ఇవ్వు, బల్ల రెండోకొస పట్టుకో.

క్లబ్బు ఒక్కటే ఎంచుకో. ఇంగ్లీషు క్లబ్బు వద్దే వద్దు, అక్కడ నువ్వు పాఠ్యపరికరం అయిపోతావు. కుంచెరాతో, బాణాలో, బ్యాండో, వాలీబాలో, ఏదైనా చేతులతో చేసేది చూసుకో. చేరాక రోజూ వెళ్లాలి, వాన వచ్చినా, బోరు కొట్టినా. అక్కడ పై క్లాసు అమ్మాయిల్ని "సెంపాయ్" అంటూ కాస్త ఒదిగి ఉండాలి. మన కాలేజీల్లో అక్కా అన్నా అనడంలో ఉన్న ప్రేమ, పెత్తనం రెండూ అందులో ఉంటాయి.

దుద్దుల గొడవ నాదాకా వచ్చింది. స్కూల్లో తియ్యమన్నారని నువ్వు, ఆడపిల్ల బోసిచెవులతో తిరగడమేమిటని అమ్మమ్మ. అక్కడ చాలా స్కూళ్లలో నగలకీ జుట్టు రంగుకీ ఒప్పుకోరు, అది నీమీద పగ కాదు. మన ఊళ్లో పసితనంలోనే చెవులు కుట్టించేస్తారని వాళ్లకి తెలియదు. ఏ.ఎఫ్.ఎస్. వాలంటీరు చేత ఒకసారి చెప్పించు, రంధ్రం మూసుకోకుండా రంగులేని పుల్ల పెట్టుకోనిస్తారేమో. ఇవ్వకపోతే బడిలో తీసి ఇంటికొచ్చి పెట్టుకో. అమ్మమ్మకి ఇంట్లో తీసిన ఫోటోలే పంపు.

"నాటు నాటు" చెయ్యమని అందరూ ప్రాణం తీస్తున్నారట. ఇంకా తీస్తారు. ఆర్ఆర్ఆర్ అక్కడ 2022 అక్టోబరులో వచ్చి, 1998 నుంచి "ముత్తు" పేరు మీదున్న భారతీయ సినిమాల వసూళ్ల రికార్డుని దాటేసింది. 2024 జనవరిలో తకరజుకావాళ్లు, అంటే మగవేషాలు కూడా ఆడవాళ్లే కట్టే ఆ పెద్ద నాటక సంస్థ, దాన్ని వేదిక మీదకీ తెచ్చారు. భీమ్ పాత్ర కూడా ఒకమ్మాయే! నేను వెళ్లిన రోజుల్లో తెలుగంటే ఏమిటో చెప్పడానికి మ్యాపు గీయాల్సివచ్చేది. నీకు అడక్కుండానే గుర్తింపు దొరికింది, విసుక్కోకు. చెయ్యి, కానీ చేసి ఊరుకోకు. "ఇప్పుడు మీ ఊరి పండగ ఆట నాకు నేర్పు" అని పట్టుకో. ఒక్కదానివే ఆడుతూ అందరూ ఫోన్లు పైకెత్తి తీస్తుంటే అదీ అతిథి వరసే.

సినిమా ఒక్కటే కాదు, మనకి అక్కడ పాత చుట్టరికం కూడా ఉంది. ఒజీసాన్ జెంకోజీ గుడికి తీసుకెళ్తానంటే తప్పకుండా వెళ్లు. గర్భగుడి కింద కటిక చీకటి దారి ఉంటుంది, గోడ తడుముకుంటూ వెళ్లి తాళాన్ని ముట్టుకోవాలి. నీకు చీకటంటే భయం కదా, ఆయన చెయ్యి పట్టుకో. బయటికొచ్చాక ఆయన్ని "ర్యూజు" తెలుసా అని అడుగు. మనం నాగార్జునకొండ పేరుతో కలిపి చెప్పుకునే ఆచార్య నాగార్జునుడే వాళ్ల ర్యూజు. జపాన్ బౌద్ధంలో ఎనిమిది శాఖలకీ మూలపురుషుడని ఆయన్ని చెప్పుకుంటారు. చెరువుగట్ల మీద వీణలాంటిది పట్టుకుని కనబడే బెంజయ్‌తెన్ మన సరస్వతి. నువ్వు పూర్తిగా పరాయి ఊళ్లో లేవు.

తిండి సంగతి. ఏమైనా తింటానని మర్యాదకి చెప్పావు, ఇప్పుడు ఏడుస్తున్నావు. గొడ్డుమాంసం తినను, పందిమాంసం తినను, కోడీ చేపా తింటాను అని ఒక కాగితం మీద స్పష్టంగా రాయించి ఫ్రిజ్ మీద అంటించు. కూర అని వాళ్లు ఇష్టంగా వండే ఆ తియ్యటి కర్రీ రైస్‌కి వాడే ముద్దల్లో చాలావాటిలో గొడ్డు కొవ్వో పంది కొవ్వో ఉంటుంది, పాపం ఒకాసాన్‌కి అది తట్టదు, డబ్బా వెనక చూడమని చెప్పాలి. మిసో చారులో చేప వాసనని కంగారుపడుతున్నావు, అది దాషి, ఎండబెట్టిన చేప తురుముతో కాచిన నీళ్లు. చేప తినేదానివి, దానికి అలవాటుపడు. ఆ జిగురు సోయాగింజల నత్తో నచ్చకపోతే నచ్చలేదని చెప్పు. అక్కడివాళ్లలోనే నచ్చనివాళ్లున్నారు.

పెరుగన్నం లేదని మాత్రం ఏడవకు. సూపర్‌మార్కెట్లో పంచదార లేని పెరుగు దొరుకుతుంది, మెయిజీ బల్గేరియా అని ఉంటుంది. 1970 ఒసాకా ఎక్స్‌పోలో బల్గేరియా మండపంలో రుచి చూసి, జపాన్‌వాళ్లు తయారు చేసుకున్న పెరుగు అది. వాళ్ల జిగురన్నం సోనామసూరిలా పొడిపొడిగా ఉండదని తిట్టుకున్నావు కానీ, మెదిపి పెరుగు కలిపితే మన అన్నంకన్నా బాగుంటుంది. నంజుకోడానికి ఉమెబోషి, ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పుల్లటి కాయ. ఊరగాయ జాతిదే. చాప్‌స్టిక్స్ మాత్రం అన్నంలో నిలువుగా గుచ్చకు, పుల్ల నుంచి పుల్లకి ముక్క అందించకు. రెండూ చావు కర్మల్లో చేసేవి.

ఒక ఆదివారం నువ్వు వండు. బిరియానీ జోలికి పోకు, అది వండుతూ వంటిల్లు తగలబెట్టడం కన్నా టమాటా చారు, బంగాళదుంప వేపుడు చాలు. పోపు వేసేముందు ఫ్యాన్ వెయ్యి, ఆవాలు చిటపటలాడితే భయపడకండని ముందే చెప్పు, కారం సగానికి సగం తగ్గించు. తర్వాత గిన్నెలు నువ్వే కడుగు. వాళ్లు "ఒయిషీ" అంటారు. ఎలా ఉన్నా అంటారు, అందుకని దాన్ని నమ్మకు, గిన్నెలో ఎంత మిగిలిందో చూడు.

ఇక ఫోన్. నీకు మాకన్నా మూడున్నర గంటలు ముందు. పిన్ని సీరియల్ అయ్యాక తొమ్మిదింటికి చేస్తుంది, నీకక్కడ పన్నెండున్నర. గంట మాట్లాడి, ఇంకో అరగంట ఏడిచి, పొద్దున్న ఆరింటికి లేచి బడికెళ్తే ప్రపంచంలో ఏ దేశమూ నచ్చదు. నీ దిగులులో సగం నిద్రలేమి అని నా అభిప్రాయం. ఆదివారం నీకు పదకొండున్నర, వీళ్లకి ఎనిమిది, కాఫీలైన వేళ. అప్పుడు అరగంట, అందరూ ఒకేసారి. మిగతా రోజుల్లో ఒక ఫోటో, ఒక వాక్యం. పిన్నితో మాట్లాడాను, ఒప్పుకుంది. బాబాయి ఒప్పుకోలేదు, "మధ్యలో ఒక్కసారి, ఊరికే గొంతు వినడానికి" అంటున్నారు. ఆయన సంగతి నువ్వు చూసుకోవాలి.

ఇంకొక్కటి రాయాలి, ఇది నవ్వుతూ రాసేది కాదు. ఇంటిపని అందుకోమన్నానంటే అన్నిటికీ సర్దుకుపొమ్మని కాదు. ఆ ఇంట్లో, బడిలో, ఎక్కడైనా ఎవరైనా నిన్ను ముట్టుకోకూడని చోట ముట్టుకున్నా, నీ గదిలోకి తలుపు తట్టకుండా వస్తున్నా, డబ్బడిగినా, పాస్‌పోర్టు తీసుకున్నా, తిట్టినా, ఆ రోజే వాలంటీరుకి చెప్పు. వేళాపాళా చూడకు, మర్యాద చూడకు. నాకూ చెప్పు, ఆదివారం దాకా ఆగకు. ఇల్లు మార్చడం ఈ ఏర్పాటులో ఉన్నదే, ఎవరి పరువూ పోదు. పోలీసుకి 110, అంబులెన్సుకీ అగ్నిమాపకానికీ 119. బెంగ వేరు, భయం వేరు. బెంగకి తొట్టి కడుగు. భయమేస్తే ఇంట్లోంచి బయటికొచ్చి ఫోన్ చెయ్యి.

భూమి కదిలితే ఫోన్లన్నీ ఒక్కసారి అరుస్తాయి, ముందు బల్లకిందకి దూరు, తర్వాత అడుగు. ఆ ఇంట్లో అత్యవసర సంచీ ఎక్కడుందో ఈ వారమే చూపించమను. చలికి మాత్రం ఇక్కణ్ణుంచి మంకీటోపీలు పంపమని అడగకు, అక్కడే లోపల వేసుకునే వెచ్చటివి దొరుకుతాయి. అక్కడ చాలా ఇళ్లలో వెచ్చగా ఉండేది ఒక్క గదే, డిసెంబరొస్తే అందరూ కొతత్సు బల్ల కింద కాళ్లు పెట్టుకుని అక్కడే చేరతారు. నువ్వూ నీ గదిలో దుప్పటి కప్పుకుని కూర్చోకుండా అక్కడికే వెళ్లి హోంవర్క్ చేసుకో.

పార్శిల్ వేరే పంపుతున్నాం. కందిపొడి, పులిహోర గుజ్జు, నువ్వడిగిన పూసల దండ ఉన్నాయి. పచ్చి కరివేపాకు పెట్టమని పిన్ని పట్టుబట్టింది, అక్కడ క్వారంటైన్‌వాళ్లు పట్టుకుంటారని ఆవిడ చూడకుండా తీసేశాను, కాబట్టి అడిగితే చేరిందని చెప్పు. ఆవకాయ సీసా ఎవరైనా మనిషి వచ్చినప్పుడే. ఇది చేరగానే ఆ చెత్త క్యాలెండర్ ఫోటో తీసి పంపు, నీకు రాని అక్షరాల కింద తెలుగులో రాసి తిప్పి పంపుతాను. ఒజీసాన్ ఆకులు ఏ రోజు దూస్తారో కనుక్కో.

నీ అక్క